పేరు పోగొట్టుకొన్న పండితుడు: కేర్దూ పాదిరి

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు తత్సమ పదములను గూర్చి పాఠము చెప్పుచున్నాడనుకొందము. దానము, విధవ, జానువు, అగ్ని, పదము అని నల్లబల్లపై వ్రాసి, ఇవి సంస్కృతమునుండి మన భాషలోనికి వచ్చిన మాటలని ఆయన చెప్పును. వాని ప్రక్కనే లాటిను భాషలోని దోనుమ్, విదువా, గెను, ఇగ్నిస్, పెదిస్ అను మాటలను కూడ వ్రాసి, అర్థములు దాదాపు ఒకటే అని చెప్పినచో పిల్లలు ఒక్క క్షణము నివ్వెరపోవుదురు. గంగాతీరమున పుట్టిన మాటకును, రోము నగరమున పుట్టిన మాటకును ఈ చుట్టరికమెట్లు కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు సర్ విలియం జోన్సు అని మన పుస్తకములు చెప్పుచున్నవి. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో ఆయన చేసిన ప్రసంగమునుండి తులనాత్మక భాషాశాస్త్రము మొదలైనదని పరీక్షలలో విద్యార్థులు వ్రాయుచున్నారు. వ్రాయవలసినదే, అందులో తప్పు లేదు. కాని అంతకు 19 సంవత్సరములకు ముందు, 1767లో, ఇదే ప్రశ్నను వేసి, ఇంచుమించుగ ఇదే సమాధానమును పారిసు నగరపు విద్వత్సభకు వ్రాసి పంపిన వృద్ధుడొకడు పుదుచ్చేరిలో నుండెను. ఆయన కథోలిక సన్న్యాసి. తెలుగుదేశమున మతప్రచారము చేయుచు తెలుగును, సంస్కృతమును అభ్యసించినవాడు. పేరు గస్తోన్ లోరాన్ కేర్దూ.

ఈయన జీవితకథ ఒక విధముగ పేరు పోగొట్టుకొన్న కథ. ఒకసారి కాదు, రెండుసార్లు.

కేర్దూ 1691 డిసెంబరు 18న ఫ్రాన్సు నడిబొడ్డునగల బూర్జ్ పట్టణమున జన్మించెను. 1715లో యేసుసభలో చేరెను. ఆ సభవారు ఆ కాలమున ఐరోపాలో గొప్ప విద్యాలయములను నడపుచుండిరి. గ్రీకు, లాటిను భాషలయందు వారి శిక్షణ చాల గట్టిది. వ్యాకరణమును, అలంకారమును, వేదాంతమును నేర్వక ఆ సభలో ఎవరును పైకి రాలేరు. ఇట్టి చదువు ముగించుకొని, 1732లో, నలువదియేండ్ల వయసున కేర్దూ భారతదేశమున అడుగుపెట్టెను. క్రొత్త భాష నేర్చుటకది చిన్న వయసు కాదు. ఆయన నేర్చినది ఒక భాషయు కాదు.

అప్పటికి కొన్ని దశాబ్దములుగ ఫ్రెంచి యేసుసభవారు పుదుచ్చేరి కేంద్రముగ కర్ణాటక మిషను అను పేర ఉత్తరపు దిక్కున, అనగా తెలుగుసీమలలో, పనిచేయుచుండిరి. మధురలో తత్త్వబోధకస్వామి అను పేరు పొందిన రాబర్టు డి నోబిలి (1577–1656) వేసిన బాటయే వారి బాట. కాషాయ వస్త్రములు కట్టి, మాంసము మాని, రోమా దేశమునుండి వచ్చిన సన్న్యాసులమని చెప్పుకొనుచు వారు పల్లెలలో తిరుగుచుండిరి. మన భాష రానిదే మన హృదయము తమకు దొరకదని వారెరిగిరి. అందుచేత ప్రతివాడును మొదట తెలుగు బడిపిల్లవాడు కావలసివచ్చెను. వారిలో దె లా లాన్ అనునాయన తెలుగునకు వ్యాకరణము వ్రాసెను. జాన్ కాల్మెత్ అనునాయన 1730 ప్రాంతమున వేదముల వ్రాతప్రతులను సంపాదించి ఫ్రాన్సు రాజు గ్రంథాలయమునకు పంపెను. ఐరోపా చేరిన ఆ తొలి వేదప్రతులు మన తెలుగు లిపిలో నుండుట గమనింపదగిన సంగతి. మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను వేదాంతరసాయనమను ప్రబంధముగ రచించినదియు ఆ శతాబ్దముననే. ఇట్లు తెలుగు పద్యమును, రోమను మతమును ఒకదానినొకటి తారసిల్లిన కాలమది.

కేర్దూకు లభించిన స్థానము రాయలసీమలో అనంతపురము ప్రాంతపు కృష్ణాపురము. కరవునకు పేరువడ్డ నేల. రాజకీయముగ కూడ అది కలత కాలము. 1740లో మహారాష్ట్రులు దండెత్తి వచ్చి, చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమ కడ ఆర్కాటు నవాబు దోస్తు అలీని చంపిరి. గుఱ్ఱపు దండులు సాగిన దారిలో నిలిచిన పల్లె ఉండెడిది కాదు. అట్టి దినములలో ఒక విదేశీయుడు చెట్టుక్రిందనో, తాటాకు గుడిసెలోనో కూర్చుండి మాటలను ఏరుకొనుచుండెననగా ఆ పట్టుదలను మెచ్చవలసినదే. ఆ ఏరుకొన్న మాటలే తరువాత తెలుగు, సంస్కృత, ఫ్రెంచి భాషల నిఘంటువైనవి. దాని వ్రాతప్రతి పారిసులోని జాతీయ గ్రంథాలయమునకు చేరినది. బ్రౌను దొర నిఘంటువు 1852లో అచ్చయినదన్నది తలచుకొన్నచో, ఈ ప్రయత్నము ఎంత ముందటిదో తెలియును.

ఆయన పేరు ఐరోపాలో మొదట వినబడినది మాత్రము భాషవలన కాదు, బట్టవలన. 1742లో కేర్దూ తన సభకు చెందిన దు హాల్ద్ అను పండితునకు ఒక దీర్ఘలేఖ వ్రాసెను. మన కోరమండల తీరపు చిత్రవస్త్రములకు, అనగా కలంకారీ బట్టలకు, రంగులెట్లు పట్టింతురన్నదే అందలి విషయము. క్రొత్తగ క్రైస్తవులైన అద్దకపు పనివారిని అడిగి అడిగి ఆయన ఆ రహస్యములను రాబట్టెను. గేదెపాలలో కరక్కాయపొడి కలిపి బట్టను నానవేయుట. ఎండిన పిమ్మట మడిచి కొయ్యమొద్దుపై బాది నునుపుచేయుట. సూదితో పొడిచిన కాగితము మీద బొగ్గుపొడి మూటను అద్ది రేఖలను దింపుట. ఇనుమును పులిసిన గంజిలో ఊరవేసి నల్లరంగు తీయుట. పటికనీటితో గీసినచోటనే చిరివేరు ఎఱుపు పట్టి తక్కినచోట నిలువకపోవుట. నీలితొట్టిలో ముంచునపుడు రంగు సోకరాని భాగములను మైనముతో కప్పుట. ఈ వరుస శ్రీకాళహస్తి, మచిలీపట్నముల పనివారికి క్రొత్తది కాదు. ఐరోపాకు మాత్రము అది నిధి.

ఎందుకనగా, ఆ దినములలో మన అద్దకపు బట్టలకై ఐరోపా స్త్రీలు వెఱ్ఱియెత్తియుండిరి. తమ దేశపు నేతగాండ్రు చెడిపోవుదురని భయపడి ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించి 1759వరకును ఆ నిషేధమును నడపెను. నిషేధించినకొలది మోజు హెచ్చెను. ఉతికినను వెలిసిపోని రంగు ఎట్లు వచ్చునో తెలిసికొనుటకు అక్కడి కార్ఖానాలవారు తహతహలాడుచుండిరి. కేర్దూ లేఖ యేసుసభవారి లేఖల సంపుటములలో అచ్చుపడినంతనే వారు దానిని కన్నులకద్దుకొనిరి. అది సరళమైన శాస్త్రజిజ్ఞాసయా, మన పనివాని వృత్తిరహస్యమును పరదేశమునకు దాటించుటయా అని నేడు ప్రశ్నించువారు కలరు. ప్రశ్నింపదగినదే. ఆ విద్యను చెప్పిన పనివారి పేర్లను మాత్రము లోకము ఎరుగదు. చెప్పించుకొన్నవాని పేరే నిలిచినది. తరువాత తన పేరునకు పట్టిన గతి తెలిసియుండినచో కేర్దూ ఈ విషయమున మరికొంత శ్రద్ధ చూపియుండెడివాడేమో.

1744లో ఆయన కర్ణాటక మిషనునకు అధిపతియై 1751వరకును ఆ పదవిలో నుండెను. ఆ సంవత్సరమే 14వ బెనెడిక్టు పోపు, యేసుసభవారు దక్షిణ దేశమున పాటించుచున్న స్థానికాచారములలో పెక్కింటిని నిషేధించుచు శాసనము చేసెను. నోబిలి నాటినుండి వచ్చిన మార్గము ఒక్కసారిగ ఇరుకైపోయెను. అటు రోము ఆజ్ఞ, ఇటు దేశాచారము. నడుమ కొత్త అధిపతి.

ఇక చెప్పవలసినది కష్టమైన సంగతి. దాచినచో చరిత్ర కాదు.

పుదుచ్చేరిలో యేసుసభవారి దేవళమును, వేదపురీశ్వరుని ఆలయమును ప్రక్కప్రక్కనే యుండెడివి. ఆ ఆలయమును తొలగింపవలెనని క్రైస్తవ గురువులు ఏండ్ల తరబడి కోరుచుండిరి. ప్రజల తిరుగుబాటునకు వెరచి అధికారులు వాయిదా వేయుచుండిరి. 1748 సెప్టెంబరులో ఆంగ్ల నౌకాసేనాని బోస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించెను. ఆ కలవరమున గవర్నరు డూప్లే ఆలయమును కూల్చుటకు అనుమతించెను. డూప్లేకు దుబాషీగ నుండిన ఆనందరంగ పిళ్ళై ఈ ఘట్టమును తన దినచర్యలో వ్రాసి పెట్టెను. ఈయన మనకు పరాయివాడు కాడు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను తెలుగు లక్షణగ్రంథమును ఈయనకే అంకితమిచ్చెను. పిళ్ళై వ్రాసినదాని ప్రకారము, కేర్దూ పాదిరి పెద్ద సుత్తె చేతబట్టి వచ్చి, శివలింగమును కాలదన్ని, సుత్తెతో పగులగొట్టి, తక్కిన విగ్రహములను కూడ పగులగొట్టుడని ఆజ్ఞాపించెను. డూప్లే కొలువులో నుండియు పిళ్ళై ఈ పనికి ఎంత కుమిలిపోయెనో ఆ పుటలు చదివినవారికి తెలియును.

అప్పటికి కేర్దూ వయసు 56. సంస్కృతము చదివినవాడు. బ్రాహ్మణుల నిత్యకర్మలను, ఆశ్రమధర్మములను తెలిసినవాడు. తెలిసియు ఈ పని చేసెను. విద్య మనిషిని మెత్తబరచునని మనము పిల్లలకు చెప్పుచుందుము. కేర్దూ విషయమున ఆ మాట పొసగదు. హిందూమతమును ఆయన చదివినది గౌరవముతో కాదు, ఖండించుటకు. ఖండింపదలచిన వానిని గూర్చి సత్యమునే చెప్పవలెనను పట్టుదల మాత్రము ఆయనకు నుండెను. అందుచేతనే ఆయన వర్ణనలు నేటికిని పనికివచ్చుచున్నవి. సుత్తె పట్టిన చేయియు, కలము పట్టిన చేయియు ఒక్కటే. ఒకదానిని చెప్పి మరియొకదానిని విడుచుట న్యాయము కాదు.

1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమై నేలమట్టమయ్యెను. వేదపురీశ్వరుని గుడితోపాటు యేసుసభవారి దేవళమును మట్టిలో కలిసెను. 1763 సంధివలన పట్టణము ఫ్రెంచివారికి తిరిగి దక్కినను పూర్వవైభవము రాలేదు. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యమున యేసుసభను రద్దుచేసెను. 1773లో పోపు లోకమంతటను రద్దుచేసెను. తాను యౌవనమున ప్రతిజ్ఞ చేసి చేరిన సభయే లేకుండ పోవుటను కేర్దూ కన్నులార చూచెను. తక్కినవారు చెల్లాచెదరైరి. ఆయన కదలలేదు. పుదుచ్చేరిలోనే యుండి, లేఖలు వ్రాయుచు, వచ్చిన లేఖలకు సమాధానములిచ్చుచు కాలము గడపెను. పార్శీల అవెస్తాను ఐరోపాకు పరిచయము చేసిన ఆంకెతిల్ దుపెరోన్ ఆయన మిత్రుడు. ఖగోళ పండితులును, నాణెముల పండితులును ఆయనను సందేహములడుగుచుండిరి.

అట్లు అడిగినవారిలో ఒకడు పారిసు విద్వత్సభలోని బార్తెలెమీ. మరుగుపడిన ప్రాచీన లిపులను చదివి పేరుగాంచినవాడు. సంస్కృత వ్యాకరణమును, నిఘంటువును, ఈ దేశ చరిత్రకు పనికివచ్చు విషయములను పంపుమని ఆయన కోరెను. 1767లో కేర్దూ ఆయనకు సమాధానముతోపాటు, విద్వత్సభవారి పరిశీలనకై ఒక వ్యాసమును కూడ పంపెను. సంస్కృతమున లాటిను, గ్రీకు భాషలతో సమానములైన మాటలు, విశేషించి లాటిను మాటలు, ఇన్ని యుండుటకు కారణమేమి అన్నదే అందలి ప్రశ్న.

ఈ పోలికను అంతకు ముందు ఎవరును గమనింపలేదా? గమనించిరి. 16వ శతాబ్దమున గోవాకు వచ్చిన ఇటలీ వర్తకుడు సస్సెత్తి, ఆంగ్ల క్రైస్తవ గురువు థామస్ స్టీఫెన్సు దీనిని గుర్తించి తమ దేశములకు వ్రాసిరి. కాని వారు గుర్తించి ఊరకుండిరి. కేర్దూ గుర్తించి కారణమును వెదకెను. భేదమంతయు ఇక్కడనే కలదు. వర్తకమువలన మాటలు చేరినవా? మతమువలననా? ఒకరినొకరు ఏలుటవలననా? పండితుల రాకపోకలవలననా? ఇరుగుపొరుగు కావుటవలననా? అని ఒక్కొక్కదానినే ఎత్తుకొని ఆయన పరీక్షించెను. వర్తకమువలన వచ్చు మాటలు సరకుల పేర్లు. శాస్త్రమువలన వచ్చు మాటలు శాస్త్రపదములు. ఈ భాషలలో సమానముగ నున్నవో, అంకెలు, దేహాంగముల పేర్లు, ఇంటిలో నిత్యము పలుకు మాటలు. ఇట్టివానిని ఏ జాతియు ఎరువు తెచ్చుకొనదు. మన ఇంటి అనుభవమే దీనికి సాక్షి: తెలుగులో రైలు, పెన్ను, బస్సు చేరినవి కాని, కాలు, చేయి, ఒకటి, రెండు అను మాటలను మనము ఎవరినుండియు తెచ్చుకొనలేదు.

మాటలతోనే ఆయన తృప్తి పడలేదు. వ్యాకరణములోనికి దిగెను. అస్తి మొదలగు రూపములుగల ధాతువునకు సంస్కృతమున నున్న రూపములను లాటిను, గ్రీకు రూపములతో వరుసగ పోల్చెను. గ్రీకున ద్వివచనముండుటను, అభావమును తెలుపుటకు పదాదిని అకారము చేర్చుటను చూపెను. సంధి, విభక్తులు వచ్చిన మన విద్యార్థికి ఈ రుజువు యొక్క బలము సులభముగనే బోధపడును. మాటలు యాదృచ్ఛికముగ కలియవచ్చును. ధాతురూపముల వరుస యాదృచ్ఛికముగ కలియదు. కావున ఈ భాషలన్నియు ఒక్క మూలమునుండి పుట్టినవే యని ఆయన తేల్చెను. ఆ మూలమును బైబిలులో చెప్పిన నోవహు కుమారుడైన యాపెతు సంతతికి ముడిపెట్టుట ఆ కాలపు నమ్మకము. ఆ ముడిని విప్పివేసినను వాదము చెడదు.

ఆ వ్యాసమున సంస్కృతమునకు ఆయన వాడిన పేరు సంస్క్రుతమును పోలియుండును. మనవలె ఋకారమును రుకారముగ పలుకువారినుండి విన్నందున, రి అని గాక రు అని వ్రాసెను. ఐరోపా భాషాశాస్త్రపు తొలి పత్రములలో ఒకదానియందు దక్షిణాది ఉచ్చారణ ఇట్లు పొడచూపినది. ఉచ్చారణ పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణము.

1768లో దానికి అనుబంధమును కూడ పంపెను. పారిసు విద్వత్సభ ఏమి చేసినది? దాచిపెట్టినది. ఆ వ్యాసము సభవారి 49వ సంపుటమున అచ్చుపడినది 1808లో! అనగా 41 సంవత్సరముల తరువాత. అచ్చునకు సిద్ధము చేసిన దుపెరోన్ కూడ అప్పటికి మూడేండ్ల క్రిందట గతించెను. కేర్దూ అంతకు పూర్వమే, 1779 జూన్ 15న, తన 87వ ఏట పుదుచ్చేరిలో కన్నుమూసెను. ఈలోపల 1786లో జోన్సు ప్రసంగించెను. ఆ ప్రసంగము వెంటనే అచ్చయి లోకమంతట వ్యాపించెను. జోన్సు స్వతంత్రముగనే ఈ సత్యమును కనుగొనెను. ఆయన నింద్యుడు కాడు. పైగ ఆ మూలభాష ఇప్పుడు మిగిలియుండకపోవచ్చునని సూచించినది జోన్సు ప్రత్యేకత. కాని శాస్త్రమునకు మొదటి పుట ఎవరిదన్న ప్రశ్న వచ్చినపుడు, అల్మరలో నలుబది ఏండ్లు మూతబడిన కాగితముల మాట ఎవరికి గుర్తుండును? ఇది మొదటి నష్టము.

రెండవది ఇంతకంటె చిత్రమైనది.

హిందువుల ఆచారవ్యవహారములను గూర్చి ఆబే దుబ్వా వ్రాసిన గ్రంథము పేరు విననివారు అరుదు. దుబ్వా 1792లో ఈ దేశమునకు వచ్చిన ఫ్రెంచి కథోలిక గురువు. మైసూరు సీమలో చాలకాలము నివసించి 1823లో స్వదేశమునకు పోయెను. ఆయన ఇచ్చిన వ్రాతప్రతిని మద్రాసు గవర్నరు బెంటింకు ద్వారా తూర్పు ఇండియా కంపెనీ రెండువేల వరహాలకు కొన్నది. 1816-17లో దాని ఆంగ్లానువాదము లండనులో వెలువడెను. 1825లో సవరించిన ఫ్రెంచి మూలము పారిసులో వచ్చెను. ఆ సవరించిన ప్రతిని బోషాం అనునాయన మరల ఆంగ్లీకరించి 1897లో ప్రకటించెను. వర్ణవ్యవస్థ, బ్రాహ్మణుని దినచర్య, పెండ్లి, అంత్యక్రియలు మొదలగువానిని గూర్చి తెలిసికొనగోరిన దొరలు ఒక శతాబ్దము పాటు దీనినే తెరచిరి. కలెక్టర్ల బల్లలమీద అది ప్రమాణగ్రంథమై కూర్చుండెను.

1970 ప్రాంతమున సిల్వియా ముర్ అను ఫ్రెంచి పరిశోధకురాలికి, లండనులోని ఇండియా ఆఫీసు గ్రంథాలయమున ఒక ఫ్రెంచి వ్రాతప్రతి కనబడెను. విషయము భారతీయుల ఆచారవ్యవహారములే. దానిని కూర్చినవాడు పుదుచ్చేరిలో పనిచేసిన దెవో అను ఫిరంగిదళపు అధికారి. కాలము 1777. దుబ్వా అప్పటికి పండ్రెండేండ్ల బాలుడు. ఇండియా ఎక్కడనున్నదో ఎరుగడు. కాని ఆ వ్రాతప్రతిలోని ప్రకరణములు దుబ్వా గ్రంథములోని ప్రకరణములతో కలియుచున్నవి. అట్లయిన దుబ్వా గ్రంథమునకు నిజమైన కర్త దెవోయేనా అని 1977లో ఆమె ఒక వ్యాసమున ప్రశ్నించెను.

అక్కడ ఆగియుండినచో దొంగ ఒకడు, దొర ఒకడు అని కథ ముగిసియుండును. ఆమె ఆగలేదు. సంస్కృత గ్రంథములు, బ్రాహ్మణాచారములు, తెలుగుసీమల సంగతులు ఇంత లోతుగ తెలిసికొనుటకు, కొలదియేండ్లు ఇక్కడ గడపిన యువ సైనికునకు ఎట్లు సాధ్యము? అన్న సందేహము ఆమెను వెంటాడెను. ఆ వ్రాతప్రతిని కేర్దూ లేఖలతో, ఆయన విద్వత్సభకు పంపిన వ్యాసములతో ప్రక్కన పెట్టి చదివెను. అభిప్రాయములు, ఉదాహరణములు, వాదించు తీరు కలిసిపోయెను. దెవో చేసినది, వృద్ధ పాదిరి వ్రాసిపెట్టుకొన్న గ్రంథమును తిరిగి కూర్చుట. దుబ్వా చేసినది, పుదుచ్చేరి గురువుల మధ్య నిలిచిపోయిన ఆ గ్రంథమునే మూలముగ గైకొని తన పేర వెలువరించుట. కేర్దూ స్వయముగ వ్రాసిన ప్రతి నశించినది. కొడుకును చూచి తండ్రి ముఖమును ఊహించినట్లు, మిగిలిన రెండు గ్రంథములనుండి ఆమె మూడవదానిని నిలిపెను.

దుబ్వాను గూర్చి ఒక మాట. ఆయన ఏమియు చూడక ఇతరుల మాటలను ఎత్తివ్రాసినవాడు కాడు. ముప్పదియేండ్లు ఈ దేశమున మోటుబట్ట కట్టి పల్లెలలో మెలగెను. మశూచికి టీకాలు వేయించుటలో శ్రమపడెను. తాను చూచినవానిని గ్రంథమునకు చేర్చెను. కాని చేర్చుటకు ముందున్న గ్రంథము ఎవరిదో చెప్పకపోవుట చిన్న లోపము కాదు. నేడు పాఠశాలలో పిల్లవాడు ప్రక్కవాని వ్యాసమును చూచి వ్రాసినచో మార్కులు తగ్గింతుము. ఆబే దుబ్వాకు రెండువేల వరహాలు ముట్టెను.

ఇందులో మరియొక విచిత్రము కలదు. 1897లో బోషాం అనువాదమునకు తొలిపలుకు వ్రాసినవాడు మాక్సుముల్లరు. భాషాశాస్త్ర చరిత్రను చెప్పునపుడు కేర్దూ లేఖను స్మరించి, ఆయనకు తులనాత్మక భాషాశాస్త్రమున పితృస్థానము నిచ్చినవాడును ఆ మాక్సుముల్లరే. ఒక చేతిలో కేర్దూ వ్యాసమును, మరియొక చేతిలో దుబ్వా గ్రంథమును పట్టుకొనియు, రెండును ఒక్కని కలమునుండి జారినవని ఆ మహాపండితుడు ఎరుగలేదు. ఎరుగుటకు ఆధారము లండనులో, ఎవరును తెరువని ఒక కట్టలో పడియుండెను.

ఈ విషయమును స్వయముగ పరిశీలింపగోరు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నేడు దారి సుగమమైనది. 1808నాటి పారిసు సంపుటమును, యేసుసభవారి లేఖలను ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమువారు అందరును ఇంటనుండియే చదువుకొనునట్లు కంప్యూటరులో ఉంచిరి. ఆనందరంగ పిళ్ళై దినచర్య ఆంగ్లానువాదము 1904 మొదలు 1928 వరకు మద్రాసు ప్రభుత్వము పండ్రెండు సంపుటములుగ ప్రకటించినది; అందులో 1748నాటి భాగమును తప్పక చూడవలెను. బోషాం అనువాదము పాత గ్రంథాలయములలో దొరకును. దానిని తెరచునపుడు, ఇది మైసూరు చూచిన వాక్యమా, కృష్ణాపురము చూచిన వాక్యమా అని అడుగుచు చదివినచో ఆ పాత పుస్తకము క్రొత్తదగును. ఫ్రెంచి రానివారు 1767నాటి వ్యాసమును జోన్సు ప్రసంగముతో పోల్చుచు అమెరికా ప్రాచ్యసమాజపు పత్రికలో 1967లో వెలువడిన గాడ్‌ఫ్రే రచనతో మొదలుపెట్టవచ్చును.

సిల్వియా ముర్ పరిశోధన 1987లో పారిసునుండి రెండు సంపుటములుగ వెలువడినది. మొదటిది ఆచారవ్యవహారముల గ్రంథపాఠము; రెండవది కేర్దూ పాండిత్యమును, ఉద్దేశములను, మతవాదమును విమర్శించు అధ్యయనము. మొదటి సంపుటపు ముఖపత్రముమీద ఇది ఫాదర్ కేర్దూ అముద్రిత రచన, దెవో కూర్చిన రూపమున, అని అచ్చువేసిరి. ఆయన మరణించి అప్పటికి 208 సంవత్సరములు.